బడి, భాష, చేతిపని: భారతి జాతీయవిద్యా వ్యాసములు

పుదుచ్చేరి పట్టణమునకు దక్షిణపు దిక్కున, కడలూరు బాటపై నున్న ముదలియార్‌పేట ఫ్రెంచివారి పాలనలో ఒక ప్రత్యేక కొమ్యూను. 1898లో ఆరంభమైన నూలుమిల్లు వలన దానికి పేరు వచ్చినది. జనము దానిని చాలకాలము రోడియర్ మిల్లు అన్నారు. కాగితముల మీద అది ఆంగ్లో-ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్. మిల్లులకు పూర్వమే ఈ తీరము బట్టకు ప్రసిద్ధి. నీలిమందులో ముంచిన ముదురునీలి వస్త్రము ‘గినీ’ అను పేరుతో పడమటి ఆఫ్రికాకు ఎగుమతి అయ్యెడిది. సెనెగల్ నదీతీరపు బంకవర్తకములో ఆ బట్ట నాణెమునకు బదులుగా కూడ చెల్లినది. ఇన్ని సముద్రములు దాటిన ఆ నేర్పును నేతగాండ్రు, అద్దకపువాండ్రు ఏ బడిలోను నేర్చుకొనలేదు. తండ్రి మగ్గము ప్రక్కన, తల్లి రాట్నము ముందర నేర్చుకొన్నారు.

1908లో సుబ్రహ్మణ్య భారతి ఆంగ్లప్రభుత్వమునకు చిక్కక ఈ పట్టణము చేరినాడు. 1918 వరకు ఇచ్చటనే ఉన్నాడు. కవిగా ఆయనను ఎరుగని తెలుగువాడు అరుదు. వచనరచయితగా ఎరిగినవారు కొద్దిమంది. జాతీయవిద్యను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసముల వెనుక పుదుచ్చేరిలో గడిపిన పదేండ్ల ఆలోచన కలదు. వానిని దేశభక్తిప్రబోధములుగా చదివి ప్రక్కన పెట్టుట వాడుకైనది. అది వానికి న్యాయము కాదు. ఆ వ్యాసములలో ఒక బడి యొక్క నకలు ఉన్నది. దానిని కట్టువాడు చూచినట్లు చూడవలెను. మాతృభాషను బడిలోనికి పిలిచినపుడు ఆ భాష మాటాడు జనుల విద్య కూడ దానితో లోనికి వచ్చినదా, గడప బయటనే నిలిచినదా? వాని విలువను తేల్చు ప్రశ్న ఇది.

భారతి పండితులకు వ్రాయలేదు. ఊరి గృహస్థునకు వ్రాసినాడు. ప్రభుత్వము బడి పెట్టువరకు కాచుకొని కూర్చుండక, ఊరూర జనులే కూడి బడి పెట్టుకొనవలెనని ఆయన కోరిక. ఏమి నేర్పవలెనో వరుసగా చెప్పినాడు: చదువు, వ్రాత, లెక్క; చరిత్ర; భూగోళము; మతము; రాజ్యశాస్త్రము; అర్థశాస్త్రము; ప్రకృతిశాస్త్రము; ఆపైన చేతిపని, వ్యవసాయము, తోటపని, వర్తకము; శరీరవ్యాయామము; చివరకు యాత్ర, అనగా పిల్లలను వెంటబెట్టుకొని ఊళ్లు, కొండలు, కట్టడములు చూపుట. నూరేండ్ల క్రిందటి గ్రామపాఠశాలకు ఇది సామాన్యమైన ప్రణాళిక కాదు. ఆనాటి సర్కారు బడిలో గుమాస్తాను తయారుచేయుటకు కావలసినంత మాత్రమే ఉండెడిది. ఇందులో పౌరుని తయారుచేయుటకు కావలసినది ఉన్నది.

భాషావిషయమున ఆయన మాట కరకు. తమిళనాట జాతీయవిద్య అని పేరు పెట్టి, ముఖ్యమైన పాఠములను ఇంగ్లీషులో నడిపి, తమిళమును ఉపభాషగా ఒక మూల కూర్చుండబెట్టినచో ఆ ‘జాతీయ’ శబ్దమునకే విరోధమని ఆయన వాదము. ఈ వాదము తమిళమునకు మాత్రమే కట్టుబడినది కాదు. ఏ నాట ఆ నాటి భాష అన్నదే దాని సారము. తెలుగు చదువరి పేరు మార్చి చదువుకొన్నచో వాదములో ఒక్క అతుకు కూడ ఊడదు.

ఇంతవరకు చెప్పినవారు అనేకులు కలరు. వారికి దొరకనిది, భారతికి దొరికినది మరియొకటి కలదు. శాస్త్రపరిభాషను గూర్చి వ్రాయుచు ఆయన ఒక క్రమము చూపినాడు: కుదిరినంతవరకు తమిళపదము; అది దొరకనిచో సంస్కృతము; అందును దొరకనిచో ఆక్సిజన్, హైడ్రోజన్ వంటి పేర్లను ఉన్నవి ఉన్నట్లు వాడుకొనవచ్చును. పై చూపునకు ఇది ఒక సర్దుబాటు వలె కనబడును. దాని వెంట ఆయన పెట్టిన నియమములో అసలు సంగతి ఉన్నది. పదార్థముల పేర్లను మాత్రమే పరభాష నుండి తెచ్చుకొనవచ్చును. గుణములను, క్రియలను, స్థితులను చెప్పు మాటలను ఎన్నడును తెచ్చుకొనరాదు.

పరిభాషాసంఘములు ఎన్నో వచ్చినవి, పోయినవి. తమిళదేశముననే 1916లో రాజగోపాలాచారి మొదలైనవారు శాస్త్రపరిభాష కొరకు ఒక సంఘమును పెట్టి పత్రిక నడిపినారు. తెలుగులోను పారిభాషికపదకోశములకు కొదువ లేదు. కాని ఈ కోశములు దాదాపు అన్నియు నామవాచకముల పట్టికలే. ఒక వస్తువునకు పేరు పెట్టుటతో పని ముగిసినదని వానిని కూర్చినవారు తలచినట్లు తోచును. భారతి నియమము దీనికి సరిగా ఎదురుగా నడచును. పేరు ఎక్కడిదైనను భాషకు హాని లేదు. రైలు, టిక్కెట్టు, పోస్టు అన్న మాటల వలన తెలుగు చెడిపోలేదు. వాక్యమునకు ప్రాణము క్రియ. క్రియ ఊడినచో మిగిలినది భాష కాదు, సరకుల జాబితా. పండితుడు పేర్లను గూర్చి పోరాడుచుండగా ఈ కవి క్రియలను కాపాడవలెనని పసిగట్టినాడు. ఆయన విద్యావ్యాసములలో మిక్కిలి విలువైన పలుకు ఇదియే. దీనిని గూర్చి విమర్శకులు చెప్పినది మిక్కిలి తక్కువ.

చేతిపని చేయువాని విద్య ఎక్కడ ఉన్నదో చూచినచో ఈ నియమము యొక్క లోతు తెలియును. నేతగాని పనిముట్ల పేర్లు ఏ నిఘంటువులోనైనను దొరకును: మగ్గము, నాడె, కండె, ఆసు, పడుగు, పేక. ఆ పేర్లన్నియు వల్లించినవాడు ఒక జేనెడు బట్ట నేయలేడు. విద్య ఉన్నది ఆసుపోయుటలో, గంజి పట్టించుటలో, తెగిన పోగును అతుకుటలో, పడుగును బిగించుటలో. ఎంత బిగించవలెనో, ఏ తేమకు ఎంత సడలించవలెనో ఆ క్రియలను వాడు తీరులోనే ఇమిడియున్నది. నీలిమందు తొట్టి పులిసినదని అద్దకపువాడు ఊరక అనడు. వాసన చూచి, పైని నురుగు చూచి, లోని రంగు చూచి అనును. ‘పులియుట’ అను ఆ ఒక్క క్రియలో ఒక రసాయనశాస్త్రపు అధ్యాయము కలదు. పాఠ్యపుస్తకమువారు దానిని తొలగించి ఒక సంస్కృత నామపదమును పెట్టినచో అధ్యాయము పోయి శీర్షిక మిగులును. మాతృభాషలో బోధన అన్న పేరుతో జరిగినది పలుచోట్ల ఇదియే. ఇంగ్లీషు నామములకు సంస్కృత నామములు వచ్చినవి. జనుల క్రియలు ఎప్పటివలె బడి బయటనే ఉన్నవి.

లెక్కల సంగతియు ఇట్టిదే. ఉత్తర సర్కారుల నేతగాండ్రు బట్ట మేలితనమును పుంజములలో లెక్కించెడివారు. 120 పడుగు పోగులు ఒక పుంజము. ఇన్ని పుంజముల బట్ట అనగానే దాని నేత, నూలు, ధర వర్తకునకు తెలిసిపోయెడివి. గుణకారము, నిష్పత్తి, కొలత మూడును ఒక్క మాటలో కూడిన లెక్క అది. మూరెడు బట్ట చూచి పుంజములు చెప్పగల బాలుడు లెక్క రానివాడని బడిలో ముద్ర వేయించుకొనుట అసంభవమేమియు కాదు.

తమిళపు తిణ్ణెబడి ఈ లెక్కను కొంతవరకు గుర్తించినది. తిణ్ణె అనగా ఇంటి ముందరి అరుగు. తెలుగుదేశపు వీధిబడికి అది తోబుట్టువు. అచ్చట ఎణ్‌శువడి అను ఎక్కముల ఏడును పిల్లలు గొంతెత్తి వల్లించెడివారు. అందులో బంగారపు కొలతల పట్టికలు, ధాన్యపు కొలతల పట్టికలు వేరువేరుగా ఉండెడివి. భిన్నములు 1/320 అను ముందిరి వరకు, 1/80 అను కాణి వరకు దిగెడివి. మన వీసము 1/16 వద్ద ఆగిన పిల్లవానికి ఇది వింతగా తోచును. పుదుచ్చేరిలోనే, 1955లో స్థాపితమైన ఫ్రెంచి పరిశోధనాసంస్థయందు పనిచేయు చరిత్రకారుడు డి. సెంథిల్‌బాబు ఈ బడుల గణితమును ఏండ్ల తరబడి పరిశీలించినాడు. ఆయన గ్రంథము 2022లో ఇంగ్లీషులో వెలువడినది. కంఠస్థము చేయుట బుద్ధిమాంద్యమునకు గుర్తని వలసపాలకులు వ్రాసిపెట్టినారు. అది అట్లు కాదనియు, జ్ఞాపకమే ఆ బడిలో లెక్క చేయు పద్ధతి యనియు, పొలము కొలుచువాని, ధాన్యము కొలుచువాని పనితో ఆ బడిపాఠము అల్లుకొనియున్నదనియు ఆయన పరిశోధన వలన తెలియుచున్నది. అయితే ఆ కొలతలలోనే ఎవరు ఎవరికి ఎంత కొలిచి ఇయ్యవలెనన్న అధికారము కూడ దాగియున్నదని ఆయన మరువడు. మన ప్రాచీనవిద్యను పొగడువారు ఈ రెండవ మాటను సాధారణముగా దాటివేయుదురు.

దాటివేయరాదనుటకు తెలుగుదేశపు సాక్ష్యమే చాలును. 1822లో మద్రాసు గవర్నరు మన్రో, జిల్లాలలోని బడుల లెక్క పంపుడని కలెక్టర్లను అడిగినాడు. 1826లో ఆయన వ్రాసిన తీర్మానములో 12,498 బడులు లెక్కకు వచ్చినవి. వెయ్యిమందికి ఒక బడి చొప్పున అన్నమాట. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక వీనిలో ప్రసిద్ధము. ఈ కాంబెల్ తెలుగువ్యాకరణము వ్రాసినవాడు. ఆయన మాటకు ఒక ప్రత్యేకమైన బరువు కలదు. 9,27,857 మంది జనులున్న ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వానిలో కన్నడము నేర్పునవి 235, తెలుగు నేర్పునవి 226. బ్రాహ్మణులకు మాత్రమే ప్రవేశమున్నవి 23. ఆడపిల్లలు 60 మంది. ఈ చివరి అంకెను వ్రాయకుండ మొదటి అంకెలను వల్లించువాడు చరిత్ర చెప్పుటలేదు.

కాంబెల్ మెచ్చుకొన్నది ఆ బడి పొదుపును. ఇసుకలో వ్రేలితో వ్రాయుట, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుట. ఈ రెండవ పద్ధతినే ఆండ్రూ బెల్ మద్రాసులో చూచి ఇంగ్లండునకు కొనిపోయినాడు. కాంబెల్ నిందించినది ఏమనగా, పిల్లలు చదువు పద్యకావ్యముల భాషకును ఇంట మాటాడు భాషకును పొత్తు లేదు. చదివినది అర్థముకాకయే వల్లించుచున్నారు. దొర కనుక మన కావ్యములను చిన్నచూపు చూచినాడని త్రోసివేయుటకు వీలులేదు. తొంబది ఏండ్ల తరువాత గిడుగు రామమూర్తి చెప్పినది కూడ ఇంచుమించు ఇదియే. అదే నివేదికలో మరియొక వాక్యము కలదు: ఇంగ్లండు బట్టలు వచ్చి నేతపనివారి బ్రదుకు దిగజారుటచే పిల్లలను బడికి పంపు స్తోమతు జనులలో తగ్గినదని. మగ్గము కూలిన చోట అరుగుమీది బడియు కూలినది. భాషను మాత్రమే చూచువారికి ఈ కార్యకారణసంబంధము కనబడదు.

భారతికి ఇది కనబడినదా? సగము కనబడినది. ఆయన పట్టికలో చేతిపని ఉన్నది. కాని అది పుస్తకపాఠములన్నిటికి తరువాత వచ్చును. బడికి కావలసిన ఉపాధ్యాయుడు అక్షరాస్యుడు. నేతగాని కుమారుడు ఆ బడికి రావచ్చును. నేతగాడు పంతులుగా రాగలడా అన్న ప్రశ్న ఆ పట్టిక నుండి పుట్టదు. చేతిపని అచ్చట నేర్పదగిన విషయము. నేర్చుకొనదగిన జ్ఞానముగా కాదు. క్రియాపదమును కాపాడుమని అన్నవాడే క్రియాపదము పలుకువానిని బల్లపై కూర్చుండబెట్టలేదు. ఇది కవి హృదయమునకు కొరత అనుటకన్న ఆ కాలపు చదువరుల చూపునకు హద్దు అనుట న్యాయము.

ఆ హద్దు ఎంత గట్టిదో భారతి స్నేహితుని ప్రయత్నమే చూపినది. ఆయన వలెనే పుదుచ్చేరిలో తలదాచుకొనిన వ. వే. సు. అయ్యర్ 1922లో స్థాపించిన గురుకులము చేరన్‌మాదేవిలో నడచినది. మాతృభాష, చేతిపని, ఆశ్రమజీవనము అన్నియు అందులో ఉన్నవి. కొందరు బ్రాహ్మణబాలురకు వేరుగా భోజనము పెట్టుచున్నారన్న సంగతి బయటపడగా వరదరాజులు నాయుడు, ఇ. వె. రామస్వామి ఎదురు నిలిచినారు. 1925లో అయ్యర్ దాని బాధ్యత వదలినాడు. అదే యేడు ఒక జలపాతమున మునిగి మరణించినాడు. తమిళదేశపు రాజకీయములనే ఆ వివాదము మలుపు త్రిప్పినది. పాఠములు దేశీయములైనంత మాత్రమున పంక్తి దేశీయము కాదు. సంప్రదాయవిద్య అన్న పేరు క్రింద సంప్రదాయపు అంతరువు కూడ బడిలోనికి వచ్చును. గురుకులము పాఠ్యప్రణాళికలో లోపము వలన చెడలేదు, వంటయింట చెడినది.

భారతి సగములో ఆపిన దారిలో మరియొకరు కొంత ముందునకు నడచినారు. పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులైన గిడుగు రామమూర్తి, కొండలలోని సవరలకు చదువు చెప్పదలచి, మొదట సవరభాష నేర్చుకొన్నాడు. రెండు భాషలు వచ్చినవానిని ఇంటనే ఉంచుకొని అతనికి శిష్యుడైనాడు. పిదప సవరలో వాచకములు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతములు ఇచ్చినాడు. 1911లో ప్రభుత్వము ఆ పుస్తకములకు పారితోషికము ఇయ్యబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టుడన్నాడు. ఆయన సవర వ్యాకరణము 1931లో, నిఘంటువు 1938లో అచ్చుపడినవి. తెలుగువారు గిడుగును వ్యావహారికభాషోద్యమనాయకునిగా స్మరించి, సవరపనిని ఆయన ఔదార్యమునకు ఉదాహరణముగా చివరి పేరాలో చెప్పుదురు. ఈ వరుస తలక్రిందులు. చెవితో విని వ్రాసిన భాషయే భాష అన్న నమ్మకము ఆయనకు కొండమీద స్థిరపడినది. తెలుగుపండితులతో వాదమునకు ఆయన దిగినది ఆ తరువాతనే. పంతులు శిష్యుడగుటతో ఆరంభమైన బడి అది. భారతి నకలులో లేనిది ఈ మెట్టు.

అయినను గిడుగు కూడ సవర కాడు. 1936లో మంగై గొమాంగో అను సవర తన జనుల కొరకు సొరంగ్ సొంపెంగ్ అను లిపిని కల్పించినాడు. ధ్వనులను కొలిచి వ్రాసిన శాస్త్రీయలిపి చేతిలో ఉండగా క్రొత్తలిపి ఎందులకని భాషావేత్త అడుగవచ్చును. సవరలకు కావలసినది ధ్వనుల కొలత మాత్రమే కాదని ఆ లిపి చెప్పుచున్నది. 2003-04 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసి ఒడియా అను ఎనిమిది భాషలలో ప్రాథమికవిద్య ఆరంభమైనపుడు ఈ పాత ప్రశ్నయే మరల తల ఎత్తినది: వాచకము సవరలో వచ్చినది, అందులోని పాఠము సవరదా?

పుదుచ్చేరికి మరలినచో, ఈ పట్టణమునకు భాషావైవిధ్యము క్రొత్త కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో డూప్లేకు దుబాసిగా ఉన్న ఆనందరంగపిళ్లె పేర కస్తూరి రంగకవి తెలుగులో ఆనందరంగరాట్ఛందమును రచించినాడు. ఛందశ్శాస్త్రము తెలుగులో అంకితము పుచ్చుకొన్న ఆ పెద్దమనిషియే, బట్టల బేరములను, ఓడల రాకపోకలను, దొరల కోపతాపములను 1736 నుండి 1761 వరకు దినచర్యగా వర్తకుల తమిళములో వ్రాసికొన్నాడు. శాస్త్రమునకు ఒక భాష, బ్రదుకునకు మరియొకటి. ఛందోగ్రంథమును నేడు లక్షణవేత్తలు తెరతురు. దినచర్యను లోకమంతయు చదువుచున్నది. భారతి శిష్యుడైన భారతిదాసు 1909 నుండి 1946 వరకు ఫ్రెంచి ప్రభుత్వపు బడులలో తమిళపంతులు. గురువు వ్యాసములో కోరిన బడి శిష్యునకు దొరకలేదు. పరప్రభుత్వపు బడిలో ఒక గంట మాత్రము దొరికినది. ఆ గంటతో ఆయన చేసిన పని తక్కువది కాదు.

1936 జూలై 30న పుదుచ్చేరి మిల్లుకార్మికులపై కాల్పులు జరిగి పన్నెండుగురు మరణించినారు. మరుసటి యేడు ఎనిమిది గంటల పనిదినము శాసనమైనది. ఆ 1937 అక్టోబరులోనే వార్ధాలో గాంధీ, చేతిపనియే బడికి నడుము కావలెనన్న పథకమును దేశము ముందర పెట్టినాడు. భారతి పట్టిక చివరనున్నది అచ్చట మొదటికి వచ్చినది. కాని నూలు వడకుట బడిలో నేర్పుచుండగా, ముదలియార్‌పేట వంటి చోట్ల వడకుట మిల్లుసైరను క్రిందకు చేరి చాలకాలమైనది. ఇంటి మగ్గము నుండి యంత్రమునకు మారిన కార్మికుని నేర్పు ఏ పథకములోను లెక్కకు రాలేదు. అది చేతిపని కాదు, చదువును కాదు. 2020లో ఆ మిల్లు మూతపడినది.

1965 నాటి శాసనము పుదుచ్చేరికి తమిళమును, మాహేకు మలయాళమును, యానామునకు తెలుగును గుర్తించినది. ఇంటిభాషలో ప్రాథమికవిద్య అన్న మాటను 2020 నాటి జాతీయవిద్యావిధానము మరల చెప్పినది. భాషను గూర్చి భారతి అడిగినది కాగితముపై ఇప్పటికి చాలవరకు నెరవేరినట్లే లెక్క. నెరవేరనిది ఆయన పట్టికలోని చివరి అంశము. పిల్లలను బయటకు కొనిపోయి చూపుడని ఆయన అన్న యాత్రను నేటి బడులు ఏటికొకసారి విహారముగా జరుపుచున్నవి. ఆయన కాపురమున్న ఈశ్వరన్ ధర్మరాజ కోవెల వీధి నుండి ముదలియార్‌పేటకు నడచి పోవచ్చును. అచ్చట యంత్రము ముందర ముప్పది ఏండ్లు నిలిచి, తెగిన పోగును చూడకయే వ్రేలితో పట్టి అతుకగలవారు ఇంకను కొందరు ఉన్నారు.